నీలిపువ్వు కప్పు, బూడిదరంగు రిబ్బను

ఆ ఆదివారం పొద్దున చక్రపాణి గారు చేసిన తప్పల్లా తన కాఫీ తానే కలుపుకోవడం. ఇంకో తప్పు కూడా చేశారు గానీ, అది తప్పని కప్పు సగం ఖాళీ అయ్యేదాకా ఆయనకు తెలియలేదు.

"ఒరేయ్ పాణీ, ఆ కప్పెక్కడిదిరా?" అని సోఫాలోంచి వాళ్ళమ్మ అన్నపూర్ణమ్మ గారు అడిగారు.

"మనింట్లోదేనమ్మా. వంటింటి కిటికీలో ఉంటే తీసుకున్నాను."

తలకు తువ్వాలు చుట్టుకుని అప్పుడే స్నానాల గదిలోంచి వస్తున్న ఇందుమతి అక్కడే ఆగిపోయింది. కప్పు మీద నీలిపువ్వు. పిడి దగ్గర చిన్న పెచ్చు. ఒకప్పుడు ఆరు కప్పుల సెట్టు అది. ఐదు పగిలిపోగా మిగిలిన ఒక్కదాన్నీ పనిమనిషి దానమ్మకు కేటాయించి, కిటికీ గట్టు మీద, గిన్నెలు తోమే పీచు పక్కన పెట్టింది ఇందుమతి. ఆమె వంటింట్లో ప్రతి వస్తువుకూ ఒక చోటుంది. పెరుగు గరిటె పప్పు గిన్నెలోకి రాదు. పాల గిన్నెలో చారు కాగదు. అలాగే ఆ కప్పు కిటికీ దాటి లోపలికి రాదు.

"అది దానమ్మ కప్పండీ."

"కడిగిందేగా."

"కడిగిందే. కాదనడం లేదు."

"ఆ కప్పు కడిగేదీ దానమ్మే, మన కప్పులు కడిగేదీ దానమ్మే. మరి తేడా ఏముంది?"

"తేడా లేదు కాబట్టే వేరేచోట పెట్టాను, కలిసిపోకుండా," అంది ఇందుమతి.

ఈ జవాబులో ఎక్కడో ఏదో ఉందని చక్రపాణి గారికి అనిపించింది గానీ పట్టుకోలేకపోయారు. విద్యుత్ శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పుడు సౌహార్ద టవర్స్ నివాసుల సంఘంలో సాంస్కృతిక ఉపసంఘం కార్యదర్శి. ఆ హోదా గుర్తొచ్చి నిటారుగా కూర్చున్నారు.

"రేపట్నుంచి మనం జరుపుతున్న ఉత్సవం ఏమిటో తెలుసుగా? వర్ణవివక్ష వ్యతిరేక చలనచిత్ర వారోత్సవం. దాని కార్యదర్శిని నేను. నాకు ఇలాంటి పట్టింపులు లేవు."

"లేకపోతే మానె. ముందు వెళ్ళి నోరు పుక్కిలించు," అన్నారు అన్నపూర్ణమ్మ గారు.

కార్యదర్శి గారు కాసేపు కిటికీలోంచి కృష్ణానది వైపు చూశారు. తర్వాత ఎవరూ చూడకుండా బాత్‌రూములోకి వెళ్ళారు. ఆ రోజు ఆయన రెండోసారి పళ్ళు తోముకుంటున్న చప్పుడు హాల్లోకి స్పష్టంగానే వినిపించింది.

అప్పుడు వచ్చింది దానమ్మ. వచ్చిందంటే గుమ్మం పట్టుకుని నిలబడింది. లోపలికి రావడానికి ఇంకా ఊపిరి చాలలేదు. పనివాళ్ళ లిఫ్టు చెడిపోయి వారమైంది. నివాసుల లిఫ్టులు రెండు, అద్దాలతో, చల్లని గాలితో, సన్నని సంగీతంతో హాయిగా తిరుగుతున్నాయి. ఫ్లాటు వాళ్ళకిచ్చిన కార్డు చూపిస్తేగానీ కదలని వాటిలో దానమ్మ ఎక్కకూడదు. తొమ్మిదో అంతస్తుకు మెట్లెక్కి వస్తోంది.

"మోకాళ్ళు ఊడిపోతన్నయ్యమ్మా," అంది, గోడకు ఆనుకుని. "ఆ కాలవగట్టు మీద టీచరమ్మగారు రమ్మంటన్నారు. కింద ఇల్లే. శనారం దాకా చూత్తాను. అప్పటికీ ఇంతే అయితే ఇంక నావల్ల కాదు. ఏమనుకోమాకండి."

దానమ్మ ఆ ఇంటికి పదేళ్ళ పైనుంచి వస్తోంది. అన్నపూర్ణమ్మ గారి కాళ్ళకు నూనె రాసేది ఆమే. ఇందుమతి టైఫాయిడ్‌తో మంచాన పడ్డప్పుడు గంజి కాచి నోట్లో పోసిందీ ఆమే. గిన్నెలూ, బట్టలూ, అత్తగారి కాళ్ళూ, ఇందుమతి నుదురూ అన్నీ ముట్టుకోవచ్చు. లిఫ్టు మీట మాత్రం ముట్టుకోకూడదు.

సాయంత్రం క్లబ్‌హౌసులో జరిగిన సంఘం సమావేశానికి ఇందుమతి భర్తతోపాటు వెళ్ళింది. అధ్యక్షులు పరంధామయ్య గారు ఒకప్పుడు విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారు. ఆయన నోట్లోంచి ఏ మాటా తీర్మానం రూపం దాల్చకుండా బయటికి రాదు. పక్క టవర్ల వాళ్ళు వన్యప్రాణుల సినిమాలు వేసి పేపర్లో ఫొటో వేయించుకున్న రోజునుంచీ ఆయనకు నిద్ర లేదు. పులి కన్నా పెద్ద విషయం ఏదని వెతికి వెతికి వర్ణవివక్ష దగ్గర ఆగారు.

"మానవ జాతిని పట్టి పీడిస్తున్న ఈ దురాచారాన్ని మన ప్రాంగణం ముక్తకంఠంతో ఖండించనున్నదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను," అని మొదలుపెట్టారు.

అందరూ చప్పట్లు కొట్టాక ఇందుమతి లేచి, పనివాళ్ళ లిఫ్టు సంగతి అడిగింది.

మేనేజరు సుధీర్ ఇబ్బందిగా కదిలాడు. "మెకానిక్ నిన్ననే వచ్చాడు మేడమ్. కానీ వారోత్సవం కుర్చీలూ, తెరా అన్నీ ఆ లిఫ్టులోనే పెట్టాం. స్టోరు ఖాళీ లేదు, రోజూ సినిమా అవగానే మళ్ళీ అందులోకే చేరాలి. అవి తీస్తేగానీ రిపేరు కుదరదు. ఉత్సవం అయిపోగానే చేయిస్తాం."

"అప్పటిదాకా పనివాళ్ళని మామూలు లిఫ్టులో రానివ్వచ్చు కదా?"

చక్రపాణి గారు తన చెప్పుల వైపు చూసుకున్నారు. పరంధామయ్య గారు మాత్రం చిరునవ్వు నవ్వారు.

"అమ్మా, మీ ఆవేదన శ్లాఘనీయం. అయితే లిఫ్టుల వినియోగం భద్రత, పరిశుభ్రత, సౌందర్యం అను మూడు సూత్రాలపై ఆధారపడి ఉన్నది. దీనిని వివక్ష అనరాదు. వర్గీకరణ అనవలెను. వివక్ష అనునది విదేశాలలో చర్మపు రంగును బట్టి జరుగును. మన ప్రాంగణంలో రంగు ప్రసక్తే లేదు. తెల్లగా ఉన్న పనిమనిషి సైతం ఈ లిఫ్టు ఎక్కరాదు."

సమావేశం సమోసాల మీదికి వెళ్ళింది.

సోమవారం మొదటి సినిమా వేశారు. ఏదో దూరదేశంలో పత్తి పండే ఊరు. అక్కడ ఒక తెల్లావిడ ఇంట్లో ఒక నల్లజాతి వంటమనిషి. బస్సులో ఆమె వెనక కూర్చోవాలి. పార్కు బల్ల మీద కూర్చోకూడదు. ముందు గుమ్మంలోంచి రాకూడదు. ఆ తెల్లావిడ పిల్లలకు జోల పాడేది మాత్రం ఆమే. క్లబ్‌హౌసు నిండిపోయింది. పాట దగ్గర మూడో అంతస్తు డాక్టరు గారి భార్య వెక్కి వెక్కి ఏడ్చింది. గుమ్మం బయట పళ్ళేల్లో సమోసాలతో నిలబడ్డ దానమ్మ, మిగతా పనివాళ్ళు, కేకేసినప్పుడల్లా లోపలికొచ్చి అందించి మళ్ళీ బయటికి వెళ్తున్నారు.

సినిమా మధ్యలో ఒకచోట తెల్లావిడ వంటమనిషికి కాఫీ పోస్తుంది. అల్మరాలో బోలెడు కప్పులున్నా, కిటికీ దగ్గరికి నడిచి, అక్కడ విడిగా పెట్టిన రేకు కప్పు తీస్తుంది. హాలంతా ఊపిరి బిగబట్టింది.

ఆ నిశ్శబ్దంలో అన్నపూర్ణమ్మ గారు, చెవుడున్న వాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా, మెచ్చుకోలుగా అన్నారు: "ఆవిడా కప్పు కిటికీలోనే పెట్టింది చూశావా ఇందూ? మనింట్లో లాగే. పొందికైన మనిషి."

ముందు వరసలో రెండు తలలు వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకు తిరిగాయి. చక్రపాణి గారు దగ్గారు. ఇందుమతి మాత్రం తెర మీద ఆ తెల్లావిడ చేతిని చూస్తూ ఉండిపోయింది. గాజుల్లేవన్న మాటే గానీ, కప్పును రెండు వేళ్ళతో పట్టుకునే ఆ తీరు తనదే. ఆ తర్వాత సినిమాలో ఏం జరిగిందో ఆమెకు సరిగా తెలియలేదు.

మర్నాడు ఎవరికో గొప్ప ఆలోచన వచ్చింది. ఇంత చక్కటి సినిమాలు పనివాళ్ళు కూడా చూడాలి కదా అని. సంఘం అత్యవసరంగా సమావేశమై, వివక్షా నిర్మూలన ఫలాలు అందరికీ అందాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎక్కడ కూర్చోబెట్టాలన్నది చిక్కు ప్రశ్న అయింది. కుర్చీలు చాలవు. ఉన్నా, నివాసుల పక్కన కూర్చుంటే వాళ్ళకే మొహమాటంగా ఉంటుంది. పరంధామయ్య గారు కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి మార్గం కనిపెట్టారు.

"తెర గుడ్డది కావున, బొమ్మ రెండు వైపులా పడుచున్నది. ఇటువైపు కుర్చీలు, అటువైపు చాపలు. ఒకే సినిమా, ఒకే సమయం, ఒకే తెర. సమానత్వమునకు ఇంతకన్న నిదర్శనము ఉండబోదు."

బుధవారం మొదటి రోజు సినిమానే మళ్ళీ అలాగే వేశారు. గురువారం పొద్దున గిన్నెలు తోముతున్న దానమ్మను, సినిమా ఎలా ఉందని ఇందుమతి అడిగింది.

"బాగుందమ్మా. కానీ అందరూ ఎడంచేత్తో తింటన్నారేందో," అంది దానమ్మ. "చేతులు కలిపేది కూడా ఎడంచేత్తోనే. కింద రాత కూడా తిరగబడి ఉంది. అక్షరాలు రాని నాకు ఎటుంటే ఏందిలే గానీ, మా సెక్యూరిటీ సాంబయ్య మెడ తిప్పి తిప్పి చదివి, పొద్దున లేచేసరికి మెడ పట్టేసుకుంది."

"కథ అర్థమైందా?"

"అర్థం కాకేం. ఆ వంటమనిసి పాపం ఎప్పుడూ మెట్లెక్కలేదు, అదొక్కటే నాకు నచ్చింది. కింద ఇల్లు."

ఇందుమతి నవ్వబోయి ఊరుకుంది. శనివారం ఎల్లుండే.

గురువారం సాయంత్రం సినిమా అయ్యాక అతిథిగా వచ్చిన ఆచార్య సోమశేఖరం గారు మాట్లాడారు. సినిమాల మీద ఆయన రాసిన పుస్తకాలు కాలేజీల్లో పాఠాలుగా ఉన్నాయని చెప్పారు, ఆయనే. వివక్షను చూస్తే చాలదు, అనుభవించాలి అని మెత్తని గొంతుతో అన్నారు. అక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది తాము ఇంతవరకు ఏదీ అనుభవించలేదే అని సిగ్గుపడ్డారు. వెంటనే శుక్రవారాన్ని అనుభవ దినంగా ప్రకటించారు. చీట్లు వేస్తారు. బూడిదరంగు రిబ్బను వచ్చినవాళ్ళు ఆ ఒక్కరోజూ వివక్షకు గురికావాలి.

వివక్షకు ఏర్పాట్లేమిటని చక్రపాణి గారు కాగితమూ కలమూ పట్టుకుని మేనేజరు దగ్గర కూర్చున్నారు.

"వాళ్ళకి వేరే దారి కావాలి."

"వెనక గేటు ఉందండి."

"వేరే లిఫ్టు."

"ఉందండి. పనిచేయదు."

"ఇంకా మంచిది. కూర్చోవడానికి వేరే బల్ల."

"వాచ్‌మన్ గది పక్కన సిమెంటు దిమ్మ ఉందండి."

"టీకి వేరే గ్లాసులు."

"సెక్యూరిటీ వాళ్ళవి ఉన్నాయండి."

"బోర్డొకటి రాయించాలి, లిఫ్టు పక్కన."

సుధీర్ గొంతు తగ్గించాడు. "అదీ ఉందండి. కట్టినప్పుడే బిగించారు."

నిజమే. లిఫ్టు పక్కన తళతళలాడే స్టీలు పలక మీద 'పనివారు, సరుకులు తెచ్చువారు, పెంపుడు జంతువులు ఈ లిఫ్టును వాడరాదు' అని నల్లటి అక్షరాలు. చక్రపాణి గారు రోజూ దాని పక్కనే నిలబడి లిఫ్టు కోసం ఎదురుచూస్తారు. కొనాల్సిందల్లా రిబ్బను ఒక్కటే అని తేలేసరికి, ప్రాంగణం ఇంత ముందుచూపుతో కట్టినందుకు అధ్యక్షుల వారు బిల్డరును మనసారా అభినందించారు.

శుక్రవారం పొద్దున చీట్లు వేశారు. చక్రపాణి గారికి బూడిదరంగే వచ్చింది. ఆయన గర్వంగా చేతికి కట్టించుకుని, ఫొటో దిగి, పేపరు తెచ్చుకునేందుకు వెనక గేటు గుండా వెళ్ళొచ్చారు. సిమెంటు దిమ్మ మీద కూర్చుని సెక్యూరిటీ వాళ్ళ గ్లాసులో టీ తాగారు. ఇదంతా బాగానే ఉంది. తర్వాత ఇంటికి బయల్దేరారు.

నాలుగో అంతస్తు దగ్గర ఆయనకు సమానత్వం మీద అపారమైన ప్రేమ కలిగింది. ఆరో అంతస్తు దగ్గర మెట్ల మీద కూర్చుండిపోయారు. తొమ్మిదో అంతస్తుకు చేరేసరికి దానమ్మ ఎక్కడ పట్టుకుంటుందో సరిగ్గా అక్కడే గుమ్మం పట్టుకున్నారు. అక్కడ తలుపు రంగు వెలిసి, అరచేతి మరక ఒకటి ముందే ఉంది.

"మంచినీళ్ళు," అన్నారు.

ఇందుమతి నీళ్ళిచ్చింది. "దిగేటప్పుడు సులువేనట. దానమ్మ చెప్పింది," అంది.

పదకొండు గంటలకల్లా బూడిదరంగు వాళ్ళందరూ సంతకాలు పెట్టి సంఘానికి వినతిపత్రం ఇచ్చారు. ఒకరికి బీపీ, ఒకరికి నడుం నొప్పి, ఒకరికి ఆన్‌లైన్ మీటింగు. ఇది అమానుషమని అందరూ అన్నారు. పరంధామయ్య గారు పరిస్థితి తీవ్రతను గుర్తించారు. అలాగని ఉత్సవం ఆగకూడదు. ఆచార్యుల వారు సాయంత్రం బహుమతులు ఇవ్వడానికి వస్తున్నారు.

"అనుభవము ముఖ్యము. అనుభవించు వ్యక్తి ముఖ్యము కాదు," అని తీర్పు చెప్పారు. "కావున ప్రతి బూడిదరంగు సభ్యుడూ తనకు బదులుగా ఒక ప్రతినిధిని నియమించుకొనవచ్చును. ఆ ప్రతినిధి ఇదివరకే అలవాటు పడిన వ్యక్తి అయిన యెడల ఇబ్బంది తగ్గును."

చక్రపాణి గారు తన రిబ్బను విప్పి దానమ్మ చేతికి కట్టారు. మిగతా బూడిదరంగు వాళ్ళూ అలాగే తమ తమ పనివాళ్ళ చేతులకు కట్టారు. ఆ సాయంత్రం దాకా సౌహార్ద టవర్స్‌లో పనివాళ్ళు వెనక గేటు గుండా వచ్చారు, మెట్లెక్కారు, సిమెంటు దిమ్మ మీద కూర్చున్నారు, వేరే గ్లాసుల్లో టీ తాగారు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా రిబ్బను ఒక్కటే. నివాసులు బాల్కనీల్లోంచి చూసి కదిలిపోయారు. కొందరు వీడియోలు తీశారు.

ఆచార్య సోమశేఖరం గారైతే స్టీలు పలక ముందు చాలాసేపు నిలబడిపోయారు.

"ఎంత సహజంగా చేశారండీ," అన్నారు గద్గదంగా. "ఆ జంతువుల మాట చేర్చారు చూడండి, అక్కడ నా కడుపు తరుక్కుపోయింది. కార్యక్రమం అవగానే దయచేసి తీసేయండి. చూడలేకపోతున్నాను."

"అవశ్యము. కార్యక్రమానంతరము రిబ్బనులు తొలగింపబడును," అన్నారు పరంధామయ్య గారు.

అదే సమయంలో తొమ్మిదో అంతస్తులో దానమ్మ వంటింటి నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. రెండోపూట పనికి ఎక్కి వచ్చింది. మోకాళ్ళు రెండూ వాచి ఉన్నాయి. ఇందుమతి కాఫీ కలిపి, అలవాటు కొద్దీ కిటికీ వైపు చెయ్యి చాపింది. రెండు వేళ్ళు. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఈ రిబ్బను రేపు కూడా కట్టుకోవాలా అమ్మా?" అని దానమ్మ అడిగింది.

"వద్దు. ఇవాళ్టికే."

"మరి మెట్లు?"

దానమ్మ రిబ్బను విప్పి, మడిచి, గట్టు మీద పెట్టింది. "మంచి గుడ్డే. పిల్లదాని జడకు పనికొచ్చేది, రంగే బాలేదు," అంది. ఆగి, "రేపు శనారం అమ్మా. నాకూ మనసొప్పట్లా. పెద్దమ్మగారి కాళ్ళకి నూనె నులివెచ్చగా ఉండాల, మరీ కాగితే మంటంటారు. కొత్తగా వచ్చేవాళ్ళకి సెప్పండి."

ఇందుమతి అల్మరా తెరిచి, తను తాగే గాజు కప్పు తీసి కాఫీ పోసి ఇచ్చింది. దానమ్మ కప్పు వైపు, ఆమె వైపు చూసి తాగింది. ఆమె తాగుతుండగానే ఇందుమతి మేనేజరుకు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడిగింది. తర్వాత హ్యాండ్‌బ్యాగులోంచి ఏదో తీసి దానమ్మ చేతిలో పెట్టింది.

రాత్రి భోజనాల దగ్గర చక్రపాణి గారు మహా ఉత్సాహంగా ఉన్నారు. బల్ల మీద, ఆవకాయ జాడీ పక్కన, ఆయనకు వచ్చిన షీల్డు నిలబెట్టి ఉంది. 'వివక్షను స్వయముగా అనుభవించినందులకు' అని దాని మీద బంగారు అక్షరాలు.

"వచ్చే ఏడు కూడా జరపాలని తీర్మానించారు," అన్నారు అన్నం కలుపుకుంటూ. "ఈసారి మన దేశం సినిమాలు వేద్దామని ఎవరో అన్నారు. కమిటీ ఒప్పుకోలేదు. మన దగ్గర ఆ సమస్యే లేనప్పుడు జనానికి ఆసక్తి ఉండదు కదా."

"ఇంకో గరిటె పప్పు వెయ్యనా?" అంది ఇందుమతి.

"వెయ్యి. రేపు ఆ పనివాళ్ళ లిఫ్టు సంగతి కూడా కదిలిస్తాను. మొన్నటి కుర్చీల స్థానంలో షీల్డులు తెచ్చిన అట్టపెట్టెలు పెట్టారుట. అవొకటి తియ్యాలి."

"నిదానంగా తీయించండి. దానమ్మకి నా లిఫ్టు కార్డు ఇచ్చేశాను. రేపట్నుంచి ముందు లిఫ్టులో వస్తుంది."

ముద్ద ఆయన నోటి దగ్గర ఆగింది. "అది రూలుకి విరుద్ధం. కార్డు ఆపేస్తారు."

"సుధీర్‌ని అడిగాను. ఆపితే ఒక్క కార్డు ఆపడం కుదరదట, ఫ్లాటు మొత్తానివీ ఆగుతాయట. మీదీ, నాదీ, అత్తయ్యదీ. ఆ కార్డుల రూలు మీద సంఘం తరఫున సంతకం ఎవరిదని కూడా అడిగాను. మీదేనట."

"అప్పుడు మనం ఎలా వస్తాం పైకి?"

"నేను ఎక్కుతాను మెట్లు. మీకు అనుభవం ఉంది," అని షీల్డు వైపు చూసింది. "నేను సరదాకి చెప్పడం లేదండీ. కార్డు వెనక్కి తీసుకోను. దానమ్మ పొద్దున వస్తానంది."

చక్రపాణి గారు సాయం కోసం తల్లి వైపు తిరిగారు.

"నా వైపు చూడకు," అన్నారు అన్నపూర్ణమ్మ గారు, మజ్జిగ కలుపుకుంటూ. "సినిమాలైపోయాయి, ఇక నేను కిందికి దిగేదీ లేదు, ఎక్కేదీ లేదు. దానమ్మ రాకపోతే నా కాళ్ళకి నూనె నువ్వు రాస్తావా? నీ చేతులు గరుకు."

ఆయనకు పొలమారింది. నీళ్ళ కోసం చెయ్యి చాపారు. ఇందుమతి లేచి అల్మరా తెరిచి, అందులో వరసగా ఉన్న కప్పుల్లో చేతికి అందినది తీసి, నీళ్ళు పోసి ఆయన ముందు పెట్టింది. నీలిపువ్వు. పిడి దగ్గర చిన్న పెచ్చు.

"ఇది అల్మరాలోకి..." అన్నారాయన, దగ్గుతూనే.

"ఇకనుంచి అన్నీ అక్కడే ఉంటాయి," అంది ఇందుమతి. "తాగండి. కడిగిందే."